అతుకులో ఉంది కిటుకు

బంగారం కొనే ఇంట్లో ఇద్దరు మనుషులుండాలి. ఒకరు మురిసిపోవడానికి, ఒకరు లెక్క చూడడానికి. మా ఇంట్లో మొదటిది మా ఆవిడ వంతు, రెండోది నా వంతు. ఈ లెక్కల ఉద్యోగం పుణ్యమా అని నగల పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలుసుకున్నాను. తెలిసినకొద్దీ ఒక సంగతి బోధపడింది. నగ అందం ఎక్కడున్నా, దాని కథంతా అతుకులో ఉంటుంది.

మేలిమి బంగారం మెత్తన. అందుకని నూటికి 91.6 పాళ్లు బంగారం ఉంచి, మిగిలింది రాగీ వెండీ కలుపుతారు. అదే 22 కారట్లు. ఇంతవరకూ చిక్కు లేదు. కాని గొలుసంటే వందలకొద్దీ చిన్న చిన్న రింగులు. ప్రతి రింగుకూ నోరు మూయాలి. మూయడానికి టంకం కావాలి. ఆ టంకం బంగారం కన్నా ముందు కరగాలి, లేకపోతే అతుకు పడేలోగా గొలుసే ముద్దయి కూర్చుంటుంది. ముందు కరగాలంటే పూర్వం అందులో రాగీ వెండీ పాలు పెంచేవారు. అందుచేత అమ్మమ్మల నాటి గొలుసు కరిగిస్తే గీటురాయి చెప్పిన వన్నె మూసలో కనబడదు. కంసాలి కాజేశాడంటుంది లోకం. చాలాసార్లు కాజేసింది అతుకే!

మా వీధి ఆచారిగారు ఈ నింద పడీ పడీ నవ్వేసేవారు. "బాబుగారూ, గొలుసడగండి, చేస్తాను. అతుకులేని గొలుసు కావాలంటే మాత్రం ఆ బ్రహ్మదేవుణ్ణే అడగండి" అనేవారు.

ఆ నింద పోగొట్టడానికే కాబోలు కేడీయం వచ్చింది. అదేదో పెద్ద చదువు అనుకునేరు! కాడ్మియం అనే లోహానికి బజారు పెట్టిన ముద్దుపేరు అది. 92 పాళ్ల బంగారానికి 8 పాళ్లు కాడ్మియం కలిపితే టంకం తొందరగా కరుగుతుంది, వన్నె కూడా తగ్గదు. కొనేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే బంగారం కరగడానికి 1064 డిగ్రీల వేడి కావాలి. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఎక్కడికి పోతుందండీ? కుంపటి మీదికి వంగి ఊదుగొట్టం ఊదుతున్న మనిషి ముక్కులోకి. ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ అది చేటు. కాన్సరు తెచ్చే పదార్థాల జాబితాలోనూ దాని పేరుంది.

ఆచారిగారి అబ్బాయి ఏళ్లతరబడి కేడీయంతోనే పనిచేశాడు. నలభై దాటేసరికి మేడ మెట్లెక్కలేని ఆయాసం. డాక్టరు మందు రాసే ముందు అడిగింది ఏం పని చేస్తావనే. ఇంటికొచ్చి నేను లెక్క వేశాను. పది గ్రాముల గొలుసులో అర గ్రాము టంకం ఉందనుకోండి. అది 22 కారట్లకు బదులు 18 కారట్లదైతే తగ్గే బంగారం గ్రాములో పన్నెండో వంతు. ఆ పన్నెండో వంతు కోసం మనం బేరమాడింది ఎవరి ఊపిరితోనో అనిపించి కలం కింద పెట్టేశాను.

తండ్రి దగ్గు కొడుకును కుంపటికి దూరం చేసింది. ఆచారిగారి మనుమడు ఇప్పుడు హైదరాబాదులో ఒక నగల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. "ఓసారి వచ్చి చూడండి తాతగారూ" అంటే వెళ్లాను. అక్కడ ఒక్క నమూనా నగ చేసి, రబ్బరు మధ్య పెట్టి వేడిగా అదుముతారు. రబ్బరును కోసి నగను తీసేస్తే లోపల దాని ఆకారం మిగులుతుంది. అందులో మైనం ఎక్కిస్తే మైనపు నగ తయారు. అటువంటివి డజన్లకొద్దీ ఒక మైనపు కాడకు అంటిస్తే కాయలు కాసిన చెట్టులా ఉంటుంది. దాని చుట్టూ సుద్దలాంటి ముద్ద పోసి, గట్టిపడ్డాక కొలిమిలో కాలుస్తారు. మైనం పోయిన ఖాళీలో కరిగిన బంగారం పోస్తారు. నీళ్లలో ముంచగానే సుద్ద విడిపోయి బంగారు చెట్టు బయటపడుతుంది! స్వామిమలై శిల్పులు కంచు విగ్రహాలు పోసే విద్యా ఇదే. అక్కడ ఒక మైనానికి ఒక్క దేవుడు, ఇక్కడ ఒక రబ్బరుకు వందల ఉంగరాలు.

అలా పోసిన ఉంగరానికి అతుకే అక్కర్లేదు. గొలుసులు యంత్రమే అల్లుతుంది. కొన్నింటికి తీగె లోపలే టంకం ఉంటుంది, కొలిమిలోంచి వస్తే చాలు, అతుకు పడుతుంది. కొన్నింటికి లేజరు వెలుగే అతుకు. కాడ్మియం బదులు జింకు, ఇండియం కలిపిన టంకాలూ ఉన్నాయి. "మా నాన్నకు ఇవి ముందే దొరికుంటే!" అన్నాడు కుర్రాడు. నాకు జవాబు తోచలేదు.

ఇంకో చిత్రం. అక్కడ రాలిన రజను, నేల ఊడ్చిన దుమ్ము, చేతులు కడిగిన నీళ్లు, అన్నీ పట్టి బంగారం తిరిగి తీస్తారు. అయినా దుకాణం బిల్లులో "తరుగు" తరగలేదు! చాలాచోట్ల అది మజూరీకి మారుపేరే. కనుక ఆ శాతం మీద బేరమాడండి, తప్పులేదు.

2021 జూన్ 16 నుంచి దేశంలో చాలా జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరి అయింది. మంచిదే. నగలో బంగారమెంతో ఆ ముద్ర చెబుతుంది. చేసినవాడు ఏ గాలి పీల్చాడో చెప్పదు. హాల్‌మార్కు నగలో కాడ్మియానికి చోటు లేదంటారుగాని, వీధి చివర కుంపటి దగ్గర అడిగేవాడెవడు? మనమే అడగాలి. పాత గొలుసు తెగి అతికించడానికి ఇచ్చేటప్పుడు, "కేడీయం వద్దు ఆచారిగారూ, వేరే టంకం పెట్టండి, పది రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు" అనండి. ఆ ఒక్క మాటకు తరుగూ లేదు, మజూరీ లేదు.