చేత్తో తేల్చిన లెక్క

170141183460469231731687303715884105727.

చదవబోతే ఊపిరి చాలదు. మొత్తం 39 అంకెలు. నూట ఇరవై ఏడు రెళ్లను వరసగా గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించలేదు. అంటే ప్రధాన సంఖ్య.

ఆ మాట 1644లోనే మెర్సెన్ అనే ఫ్రెంచి మతగురువు అన్నాడు. అన్నాడే గానీ రుజువు చూపలేదు. ఆయన జాబితాలో కొన్ని తప్పులూ ఉన్నాయి. మరి దీని సంగతి తేలేదెలా? 2తో, 3తో, 4తో... అలా వర్గమూలం దాకా భాగించుకుంటూ పోవాలంటే, సెకనుకో లెక్క చేసినా నలభై వేల కోట్ల ఏళ్లు కావాలి!

1876లో ఎడ్వర్డ్ లూకాస్ అనే లెక్కల మాస్టారు దగ్గరిదారి కనిపెట్టాడు. చిన్న ఉదాహరణ చూడండి. ఏడు రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే 127. అది ప్రధాన సంఖ్యేనా? 3తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేస్తే 7. మళ్లీ అలాగే చేస్తే 47. ఆ తర్వాత 2207. దాన్ని 127తో భాగిస్తే శేషం 48. ఇక ఆ శేషంతోనే నడక. తర్వాత 16, ఆపైన సున్నా. అయిదు మెట్లలో సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధాన సంఖ్యే.

మన 39 అంకెల సంఖ్యకు మాత్రం 125 మెట్లు. కంప్యూటర్ లేదు. ఒక్కచోట పొరబడితే అంతా బూడిదలో పోసిన పన్నీరే. లూకాస్ పొరబడలేదు.

అదే ఏడాది, 67 రెళ్లతో వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కాదనీ తేల్చాడు. కానీ ఏ సంఖ్యలు దాన్ని భాగిస్తాయో ఈ పద్ధతి చెప్పదు. అది 1903లో అమెరికాలో కోల్ అనే ఆచార్యుడు చూపాడు. సభలో పెదవి విప్పకుండా బోర్డు మీద 193707721ని 761838257287తో గుణించి కూర్చున్నాడట. అందుకు మూడేళ్ల ఆదివారాలు ఖర్చయ్యాయని చెబుతారు.

లూకాస్ సంఖ్య 75 ఏళ్లపాటు, 1951 వరకూ, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో పెద్దదిగా నిలిచింది. 2024లో బయటపడ్డ సంఖ్యకు 4,10,24,320 అంకెలున్నాయి. దాన్ని నిర్ధారించిన పరీక్షకు మూలం కూడా లూకాస్ పద్ధతే. 1930లో లెమర్ దానికి మెరుగులు దిద్దాడు.

ఇవేవీ లూకాస్ చూడలేదు. 1891లో ఒక విందులో పగిలిన పింగాణీ ముక్క చెంపకు తగిలింది. ఆ గాయం ముదిరి, 49వ ఏట కన్నుమూశాడు.

ఆయన పేరు తెలియని కంప్యూటర్ విద్యార్థులకూ ఆయన బొమ్మ ఒకటి తెలుసు. 1883లో ఆయన తెచ్చిన 'హనోయి టవర్'. మూడు కడ్డీల మీద పళ్లాలు మార్చే ఆట. పెద్దది చిన్నదాని మీదికి ఎక్కకూడదు. మూడు పళ్లాలకు 7 ఎత్తులు, ఏడు పళ్లాలకు 127. అదే 127 పళ్లాలుంటే?

పైన మొదటి వరసలో ఉన్నన్ని.