నాలుగు అరచేతులంత చోటు

మొన్న జూలైలో ఒక ఆదివారం సాయంత్రం, కాజ టోల్‌గేట్ దాటాక మా కారు వానలో జారింది. నడుపుతున్నది నేను. పక్క సీట్లో నాన్న, వెనక అమ్మ, డిక్కీలో నా హాస్టల్ సామాను, రెండు పచ్చడి డబ్బాలు. గుంటూరు నుంచి విజయవాడ వైపు వస్తున్నాం. ముందు వెళ్తున్న ఆటో ఒక్కసారిగా స్లో అయింది. బ్రేక్ గట్టిగా తొక్కాను. మాది 2016 బేస్ మోడల్, ఏబీఎస్ లేదు. బండి ఆగలేదు. స్టీరింగ్ తిప్పినా మాట వినలేదు. వెనక భాగం పక్కకి వచ్చేసి, కారు రోడ్డుకి అడ్డంగా తిరిగి, డివైడర్‌కి జానెడు దూరంలో ఆగింది. ఆ క్షణంలో వెనక లారీ ఏదీ లేదు. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

నాన్న అరవలేదు. దిగి నా వైపు వచ్చి, "నువ్వు అటు కూర్చో" అన్నారు. హాస్టల్ గేటు దగ్గర మాత్రం, "నిదానంగా పొమ్మంటే వినవు కదరా" అన్నారు. అమ్మ దిష్టి తీయాలంది. అంతే, ఆ రోజు నుంచి నాకు కారు తాళాలు బంద్.

నిజం చెప్పాలంటే, తప్పు నాది కాదని నిరూపించుకోవడానికే నేను టైర్ల గురించి చదవడం మొదలుపెట్టాను.

తర్వాత ఇంటికెళ్లినప్పుడు ఫోన్ టార్చ్ వేసుకుని టైర్ల పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ఆ కారులో తిరుగుతున్నాను, టైరు మీద ఉన్న అక్షరాలు ఒక్కసారి కూడా చదవలేదు. 165/80 ఆర్14 85టి అని ఉంది. 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు, వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము సైజు అంగుళాల్లో. 85 అనేది ఒక్కో టైరు మోయగల బరువుకి కోడ్, అంటే 515 కేజీలు. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. మొత్తం ఒక ఫార్మాట్ స్ట్రింగ్ లాగా ఉంది, పార్స్ చేస్తే చాలు.

అసలు విషయం ఇంకో చోట ఉంది. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర, చిన్న గుండ్రటి పెట్టెలో నాలుగంకెలు: 1216. అంటే 2016లో పన్నెండో వారం. కారుతో పాటు వచ్చిన టైర్లే. తొమ్మిదేళ్లవి.

"నాన్నా, ఇవి ముసలివైపోయాయి" అన్నాను.

నాన్న వంగి చూసి, "ఎక్కడరా, ట్రెడ్ చూడు ఎంత ఉందో. ముప్పై ఒక్క వేలే తిరిగింది బండి" అన్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ట్రెడ్ గాడుల మధ్యలో చిన్న దిమ్మలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో. టైరు అరిగి అరిగి ఆ దిమ్మలతో సమానమైతే మార్చేయాలి. మావి ఆ దిమ్మలకి ఇంకా చాలా పైనే ఉన్నాయి. కానీ వేలితో నొక్కితే రబ్బరు ప్లాస్టిక్ లాగా గట్టిగా ఉంది. పక్క గోడల మీద సన్నటి బీటలు. తొమ్మిది ఎండాకాలాలు ఆ కారు మా ఇంటి ముందు ఎండలోనే ఉంది. రబ్బరు తిరిగినా తిరగకపోయినా, ఎండకీ గాలికీ ముసలిదవుతుంది. అయిదేళ్లు దాటితే ఏటా చూపించుకోమని, పదేళ్లయితే ట్రెడ్ ఎంతున్నా తీసేయమని పెద్ద టైరు కంపెనీలే చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లే అంటాయి.

కారు రోడ్డుని తాకేది ఒక్కో టైరు దగ్గర అరచేయంత చోటులోనే. నలుగురు మనుషులు, సామాను, టన్ను బరువు, మొత్తం నాలుగు అరచేతుల మీద ఆధారపడి ఉంది. వానలో ఆ అరచేతి కింద నీళ్లు చేరతాయి. వాటిని గాడులు బయటికి తోసెయ్యాలి, తర్వాత మెత్తటి రబ్బరు తారు రోడ్డు గరుకుని పట్టుకోవాలి. మా టైర్లకి గాడులు ఉన్నాయి, పట్టు పోయింది. స్పీడు పెరిగే కొద్దీ నీళ్లని తోసే టైమ్ కూడా తగ్గిపోతుంది. ఇక్కడే నా కేసు బలహీనపడింది. ఆ రోజు వానలో నేను 85లో ఉన్నాను. నాన్నకి ఆ సంగతి అప్పుడే తెలుసు. నేనే ఒప్పుకోలేదు.

సరే, కొత్త టైర్లు కొనాలి. ఒహాయోలో ఉండే మా పెదనాన్న కొడుకుని అడిగితే, "ఆల్ సీజన్ వేయించరా, ఇక్కడ చాలామంది అవే వాడతారు" అన్నాడు. అక్కడ ఆ మాటకి అర్థం ఉంది. ఎండాకాలం టైరు రబ్బరు ఏడు డిగ్రీల కంటే తగ్గితే బిగుసుకుంటుంది. మంచు టైరు ఎండలో త్వరగా అరుగుతుంది. రెండిటి మధ్య రాజీ ఆల్ సీజన్. మంచు మరీ ఎక్కువ పడే చోట్ల అది కూడా చాలదని, చలికాలానికి వేరే సెట్టు మారుస్తారట. మూడు శిఖరాల కొండలో మంచు పువ్వు గుర్తు ఉంటేనే ఆ టైరు మంచు మీద పరీక్ష పాసైనట్టు. ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉంటే అది ట్రెడ్ డిజైన్ గురించి చెప్పేదే, పరీక్ష గురించి కాదు.

ఈ జ్ఞానమంతా మోసుకుని గుంటూరులో టైర్ల షాపుకి వెళ్లి, "ఆల్ సీజన్ ఉన్నాయా?" అని అడిగాను.

షాపాయన నవ్వి, "మన దగ్గర ఉన్నవన్నీ అవే బాబూ, మంచెక్కడ పడుద్ది?" అన్నాడు.

నిజమే. మన 'అన్ని కాలాలు' అంటే మే నెల ఎండ, జూలై వాన. మంచు గుర్తు మనకెందుకు? మనం చూడాల్సింది తడి రోడ్డు మీద పట్టు. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక నంబరు, ట్రాక్షన్ అని ఒక అక్షరం ఉంటాయి. నంబరు ఎక్కువైతే టైరు ఎక్కువ కాలం అరగదని కంపెనీ లెక్క. అక్షరం తడి రోడ్డు మీద బ్రేక్ పట్టుకి గ్రేడు: డబుల్ ఏ, ఏ, బి, సి.

నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అందరు నాన్నలూ అడిగేదే. షాపాయన ఒక టైరు చూపించి, "ఇది రాయి సార్, అరగదు" అన్నాడు.

అప్పుడు అక్కడే ఫోన్‌లో లెక్కేసి చూపించాను. తొమ్మిదేళ్లలో 31,000 కిలోమీటర్లు. అంటే ఏడాదికి 3,500 కూడా లేదు. మా ఇంట్లో టైరు అరిగి చావదు, వయసై చస్తుంది. అరగని టైరుకి ఎక్కువ డబ్బు పెట్టి మనకేం లాభం? రోజూ రెండొందల కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీ అయితే ఈ లెక్క తిరగబడుతుంది. మనకి మాత్రం కొంచెం ముందే అరిగినా, వానలో పట్టుకునేది కావాలి. అల్గారిథమ్స్ క్లాసులో యావరేజ్ కేస్, వర్స్ట్ కేస్ అని తెగ రాశాం కదా. మేం కారుని యావరేజ్ కేస్‌కే ఉంచుకున్నాం. కాజ దగ్గర వచ్చింది వర్స్ట్ కేస్.

నాన్న ముందు రెండే కొందామన్నారు. అవి ముందు చక్రాలకి వేస్తానన్నాడు షాపాయన. ఇంజిన్ లాగేది ముందు చక్రాలనే కాబట్టి అందరూ అలాగే అనుకుంటారు. కానీ రెండే మారిస్తే కొత్తవి వెనక వెయ్యాలి. ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే కొంత చేతికొస్తుంది. వెనకవి జారితే బండే గిర్రున తిరుగుతుంది. ఆ మాట నేను వివరంగా చెప్పాల్సిన పని లేకపోయింది. నాన్న ఒక్క నిమిషం ఆగి, "నాలుగూ వెయ్యండి" అన్నారు. ఒక్కోటి నాలుగు వేల పైనే. ఆ నెల నేను అడగాలనుకున్న మానిటర్ సంగతి ఎత్తలేదు.

లోపల్నుంచి తెచ్చిన వాటిలో రెండు దాదాపు రెండేళ్ల నాటివి. కోడ్ చూపించి అడిగితే, "రేటు తగ్గిస్తా" అన్నాడు. వద్దన్నాం. కొత్తవి తెప్పించి మర్నాడు బిగించాడు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌తో సహా. గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసేది గరిష్ఠం మాత్రమే.

తిరిగొచ్చేటప్పుడు నాన్న తాళాలు నా చేతిలో పెట్టారు. "టైర్లు మారాయి సరే, నీ కాలు కూడా మారాలి" అన్నారు. అరవై దాటలేదు.

ఇంటికొచ్చి డిక్కీ తెరిచాక గుర్తొచ్చింది. స్టెప్నీ తిప్పి చూశాను. 1216.

"అదెప్పుడో గానీ వాడంలే" అన్నారు నాన్న. నేను మళ్లీ ఫోన్ తీశాను.

ఇది చదివాక ఒక్క పని చేయండి. పార్కింగ్‌లో ఉన్న మీ బండి దగ్గర కూర్చుని ఆ నాలుగంకెలు చదవండి. ఇంట్లో కారుంటే ఫోన్ చేసి నాన్నని చదవమనండి. వానాకాలం వచ్చే దాకా ఆగకండి.