కొండ మీద శుభ్రత, ఖాడీలో విషం

2022 జనవరి 6 తెల్లవారుజామున సూరత్‌లోని సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకరు రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా కాలువలోకి వదిలింది. పైకి లేచిన విషవాయువు పక్కనున్న ప్రింటింగు మిల్లు కార్మికులను కమ్మేసింది. ఆరుగురు మరణించారు. ఆ వాడకు పొరుగునే ఉంది ఉన్. అటు పాండెసరా, ఇటు సచిన్; రెండు పారిశ్రామిక వాడల నడుమ, ఖాడీలని స్థానికులు పిలిచే వాగుల సమీపాన ఉన్న శ్రామికుల ఊరు.

ఆ ట్యాంకరులోని వ్యర్థానికీ, హిమాలయాలెక్కేవారు తొడిగే జాకెట్టుకూ నేరుగా సంబంధం లేదు. సూరత్ ప్రధానంగా నేసేది చీరలూ డ్రెస్ మెటీరియలూ. అయితే చీరకైనా జాకెట్టుకైనా పాలిస్టర్ పుట్టేది పెట్రోలియం నుంచే. రంగు పట్టాలంటే మరిగే నీరు, రసాయనాలు, బొగ్గు బాయిలర్లు తప్పవు. వాననీరు జారిపోయే జాకెట్టుకు అదనంగా ఒక పూత అద్దుతారు. దశాబ్దాలుగా ఆ పూతలో వాడినవి పీఫాస్ అనే, నేలలోనూ నీటిలోనూ నశించని రసాయనాలు.

ప్రకృతి ప్రేమను పెట్టుబడిగా చేసుకున్న పరిశ్రమ ఇది. దానికి అంతరాత్మ లేదనడం అన్యాయం. పటగోనియా సంస్థ 2011లో ‘ఈ జాకెట్టు కొనవద్దు’ అని న్యూయార్క్ టైమ్స్‌లో తన సరుకుపై తానే ప్రకటన ఇచ్చింది. పీఫాస్ కలిపిన దుస్తుల అమ్మకాన్ని కాలిఫోర్నియా 2025 నుంచి నిషేధించింది. కుండపోత వానల కోసం తయారయ్యే దుస్తులకు మాత్రం 2028 వరకు గడువిచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ ఆ నిషేధం కాపాడేది తొడిగేవాడినీ, అతడి నేలనూ. అద్దేవాడి సంగతి ఏమిటి?

జర్మనీ 2023లో అమలులోకి తెచ్చిన సరఫరా గొలుసు చట్టం ఆ ప్రశ్న వేసింది. అయితే పెద్ద కంపెనీలు క్రమం తప్పక తనిఖీ చేయవలసింది నేరుగా సరుకిచ్చే వారినే. ఆ వెనుకనున్న వారి జోలికి, తప్పు జరిగిందన్న గట్టి సమాచారం అందితేనే వెళ్లాలి. కుట్టే కర్మాగారం ముందు వరుసలో ఉంటుంది. అద్దకపు మిల్లు, దాని మురుగు కాలువ వెనుక వరుసల్లో ఉంటాయి. బాధ్యత కుట్టు మిషను దగ్గర ఆగిపోతే, విషం కాలువ దగ్గర మొదలవుతుంది.

మన దేశంలో ఇది సాధ్యం కాదనేవారికి సూరతే సమాధానం. అక్కడ 2019లో పొగగొట్టాల ధూళిని యంత్రాలతో నిరంతరం కొలిచి, పరిమితి పెట్టి, మించినవారు పర్మిట్లు కొనుక్కోవాలన్నారు. పథకంలో చేరిన మిల్లుల ధూళి, చేరని వాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గింది. కొలిచినచోట చట్టం పనిచేసింది. పొగను కొలిచిన రాజ్యానికి, రాత్రిపూట తిరిగే ట్యాంకరును లెక్కపెట్టడం అసాధ్యమా?

ఈ ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు. తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్ మరమగ్గాల మీదే బతుకుతున్నాయి. సిరిసిల్లలో ఆడుతున్నదీ పాలిస్టర్ మగ్గమే. జాకెట్టు లేబులు మీద ముద్రించిన పచ్చని ఆకు నిజమో కాదో తేలవలసింది కొండ శిఖరాన కాదు, ఉన్ వంటి ఊళ్ల ఖాడీ నీళ్లలో.