042

తమ్ముళ్లూ, మన హాస్టల్లో నా కంచం మీద నా అడ్మిషన్ నంబరు 042 అని మేకుతో గీసి ఉండేది. ముందు ఆ సున్నా ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఉద్యోగంలో చేరాకే దాని సంగతి తెలిసింది.

డిగ్రీ అయ్యాక ఒక చిన్న ఆఫీసులో గ్రామాల భూమి పటాలు కంప్యూటర్లో ఎక్కించే పనికి కుదిరాను. పెద్ద సర్వర్ కొనే స్తోమత మా ఆఫీసుకు లేదు. అందుకే స్పేషియాలైట్ వాడేవాళ్లం. 2000లో వచ్చిన ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసుకు పటాలు దాచుకునే వీలు కల్పించినదే ఇది. పొలాల హద్దులు, రైతుల పేర్లు అన్నీ ఒక్క ఫైల్లో ఇముడుతాయి. పాత కంప్యూటర్లోనూ నడుస్తుంది.

సర్వే నంబర్ల కాలమ్ తయారు చేసింది నేనే. గీత బదులు చుక్క పెట్టడం మా ఆఫీసు అలవాటు. అంటే 12/10ని 12.10 అని కొట్టేవాళ్లం. అక్షరాలే కదా అని కాలమ్ రకం 'స్ట్రింగ్' అని రాశాను. ఎర్రర్ రాలేదు, మురిసిపోయాను. నిజానికి ఎస్‌క్యూలైట్ ఆ పేరును అక్షరాలుగా గుర్తించదు, సంఖ్యల కాలమ్ కింద జమ కడుతుంది. 'టెక్స్ట్' అనో 'వార్‌చార్' అనో రాయాల్సింది. 12.10 కాస్తా 12.1 అయింది. 12/1, 12/10 కలిసిపోయాయి.

పటం గ్రామసభలో అంటించిన రోజు ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "బాబూ, నా నలభై సెంట్లు ఏవి?" అంది. ఆమెకు చదువు రాదు, మనవడు చూసి చెప్పాడట. ఆమె చెక్క మీద పక్క రైతు పేరుంది. మా నాన్నకు ఉన్నదీ అంతే భూమి. నాకు నోట మాట రాలేదు. పోయిన సున్నా డేటాబేసులో వెతికితే దొరికేది కాదు. అడంగల్ ముందేసుకుని రెండు రాత్రులు కూర్చుని నంబర్లన్నీ మళ్లీ ఎక్కించాను.

పొడవు సంగతి ఇంకో తమాషా. వార్‌చార్ 10 అని రాసినా ఎస్‌క్యూలైట్ వెయ్యి అక్షరాలు పుచ్చుకుంటుంది. హద్దు కావాలంటే 'చెక్' నిబంధన మనమే పెట్టుకోవాలి. 2021లో 'స్ట్రిక్ట్' టేబుళ్లు వచ్చాయి. వాటిలో నాలాగా స్ట్రింగ్ అని రాస్తే అసలు టేబులే తయారవదు. నా టైముకు అది లేకపోయింది!

అదే పటాన్ని షేప్‌ఫైల్‌గా మార్చి ఇవ్వాలంటే మాత్రం అంతా నిక్కచ్చి. కాలమ్ పేరు ఇంగ్లీషులో 10 అక్షరాలు దాటకూడదు, అక్షరాల గడి 254 బైట్లు మించకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకు వేరే 3. మేం 20 బైట్ల గడి పెడితే రామచంద్రాపురం 'రామచంద' దగ్గర ఆగిపోయింది. ఊరివాళ్లు నవ్వారు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మన పూర్వ విద్యార్థుల జాబితా కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. అడ్మిషన్ నంబరు కాలమ్ టెక్స్ట్ అనే పెట్టాను. నా పేరు పక్కన 042 ఉంది. మీ నంబర్లో సున్నా పోయి ఉంటే వార్షికోత్సవం రోజు నన్ను పట్టుకోండి, పాత రిజిస్టరు తెచ్చుకుంటాను.