రికార్డు చేయని పాఠము

మేము విద్వాంసులము కాము. మెట్రిక్యులేషను మాత్రము చదివి, గంజాము సీమలోని ఒక కళాశాల కార్యాలయమున 1981 మొదలు 2019 వరకు గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందినవారము. పాఠములు చెప్పువారి జీతపు బిల్లులు వ్రాసితిమే కాని పాఠములు వినియెరుగము. అట్టి మేము విశ్వవిద్యాలయ బోధనలో ఉపన్యాసములను రికార్డు చేయు పద్ధతినిగూర్చి వ్రాయ సాహసించుటకు కారణము గలదు. ఈ విషయమున మావలన నొక లోపము జరిగినది. సంచికకు ఏదేని వ్రాయుడని సంఘమువారు కోరినంతనే అదియే జ్ఞప్తికి వచ్చినది.

మా అన్నగారి మనుమరాలు భువనేశ్వరమున భౌతికశాస్త్రము చదువుచున్నది. ఇంట తెలుగు, బడిలో ఒడియా, పై చదువున ఇంగ్లీషు. మనబోటి కుటుంబముల పిల్లలకు ఇది క్రొత్త కాదు గదా. మొదటి యేట ఆచార్యులవారి ఇంగ్లీషు వేగమును అందుకొనలేక, చదువు మానుదునని ఆ పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. దసరా సెలవులకు మరల వచ్చినప్పుడు చూతుము గదా, చేతి ఫోనులో ఒక ఐ.ఐ.టి. ఆచార్యుని పాఠము పెట్టుకొని యున్నది. ఒక వాక్యము వినును, ఆపును, వ్రాసికొనును, వెనుకకు పోయి మరల వినును. ఒక్క మాటనే నాలుగుమారులు వినుట చూచి, "అంత కష్టమా అమ్మా?" అని అడిగితిమి.

"కష్టం కాదు చిన్నతాతయ్యా. క్లాసులో లేచి మళ్ళీ చెప్పమనాలంటే సిగ్గు. ఇక్కడ ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేవాళ్ళు లేరు" అన్నది.

ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. పిల్లలో తెలివి కొరవడలేదు. పరభాషలో విన్నది మనసునకెక్కుటకు కొంత వ్యవధి కావలసియున్నది, అంతే. ఆ వ్యవధిని తరగతిగది ఈయలేకపోయినది, రికార్డు ఇచ్చినది.

ఈ ప్రయత్నము నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఫైన్‌మన్ పండితుడు 1961 మొదలు 1963 వరకు చెప్పిన భౌతికశాస్త్ర పాఠములను టేపుపై నెక్కించి, నల్లబల్లమీది వ్రాతను ఫొటోలు తీసిరి. ప్రసిద్ధములైన ఆయన గ్రంథములు వానినుండియే వెలువడినవి. అంతకు పూర్వము జెనీవాలో సొస్యూర్ అను భాషాశాస్త్రవేత్త చెప్పిన పాఠములకు అట్టి సదుపాయము లేదు. ఆయన 1913లో గతించిన పిమ్మట, శిష్యుల నోటుపుస్తకములను ఏరి కూర్చి 1916లో పుస్తకము ప్రకటింపవలసి వచ్చినది. గురువుగారి సొంత మాట యేది, శిష్యుడు వ్రాసికొన్న మాట యేది అను చర్చ నేటికిని తీరలేదు.

మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 1984 ఆగస్టు 15న దూరదర్శనముద్వారా కళాశాల విద్యార్థులకు పాఠములు ప్రారంభించిరి. మా కళాశాలలోను వానిని చూచుచుండిరి. ప్రసార సమయమున కరెంటు పోయినచో ఆ పాఠము పోయినట్లే. ఆపుటకును, తిరిగి వినుటకును వీలులేదు. 2003లో ఐ.ఐ.టి.లును బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పథకము క్రింద పాఠములను రికార్డుచేసి యందరికి అందించుటకు పూనుకొన్నవి. 2017లో స్వయం అను ప్రభుత్వ పథకము వచ్చినది. 2020లో కోవిడ్ మహమ్మారివలన కళాశాలలు మూతపడినప్పుడు, అంతవరకు దీనిని కాదన్నవారును ఫోనునెదుట నిలిచి పాఠము చెప్పవలసినవారైరి.

కాదన్నవారి మాటలును త్రోసివేయదగినవి కావు. మాకు తెలిసిన అధ్యాపకులొకరు, "పాఠం ఎక్కడికీ పోదని తెలిస్తే కుర్రవాడు తరగతికి రాడు. రేపు వింటాననుకుంటాడు. పరీక్షనాటికి నలభై పాఠాలు పేరుకుపోతాయి" అనెడివారు. ఎదుటి ముఖము చూచి, అర్థము కాలేదని గ్రహించి, మరియొక ఉదాహరణము చెప్పు నేర్పు యంత్రమునకు లేదు. తన ప్రతిమాటయు నిలిచిపోవునన్న జంకుతో ఉపాధ్యాయుడు నోరు కట్టుకొనుటయు కలదు. ఇవన్నియు నిజమే. మా మనుమరాలును తరగతి మానలేదు. తరగతిలో జారిపోయినదానిని రాత్రి ఏరుకొనుచున్నది. వచ్చియు అందుకొనలేనివానికిని, రాలేనివానికిని రికార్డు ఉపకరించును. గురువునకు అది బదులు కాదు.

రాలేనివాని మాట వచ్చినది గనుక మా లోపమును చెప్పుకొందుము.

1936లో ఒడిషా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాములోని మనవారు మద్రాసు రాజధానినుండి వేరుపడిన సంగతి పాఠకులెరుగుదురు. మేము చెప్పు కాలమునకు మా కళాశాల తెలుగు తరగతిలో ఆరుగురు విద్యార్థులుండిరి. తెలుగు మాస్టారు పద్యము చదివినప్పుడు వరండాలో ఫైళ్ళు మోయు ప్యూను సైతము నిలిచెడివాడు. 1989లో ఒకనాడు వారు మా బల్లయొద్దకు వచ్చి, "గుమాస్తాగారూ, బీరువాలో టేపురికార్డరు ఉందట గదా. ఒక నెల ఇప్పించండి. పట్టుచీరలు నేసేవాళ్ళ పిల్లవాడు పెళ్ళిళ్ళ రోజుల్లో మగ్గం వదిలి రాలేకపోతున్నాడు. నా పాఠం పట్టి పంపిస్తే రాత్రి వింటాడు" అని అడిగిరి.

టేపురికార్డరు ఉన్న మాట నిజమే. స్టాకు రిజిస్టరులో దానిని మా చేతితోనే ఎక్కించితిమి. వస్తువు చెడినచో తీసికొన్నవారి జీతమునుండి రాబట్టవలెనను నిబంధనను మాస్టారికి చదివి వినిపించి, అర్జీ పెట్టుమంటిమి. వారు పెట్టిరి. క్యాసెట్ల వెల ఏ పద్దుక్రింద వ్రాయవలెనని మేము ఫైలుమీద సందేహము వ్రాసి పైకి పంపితిమి. సమాధానము వచ్చుసరికి పరీక్షలు ముగిసినవి. మాస్టారు రెండుమారులు వచ్చి అడిగిరి. మూడవమారు రాలేదు. ఆ పిల్లవాడు ఆ యేడు పరీక్షకు కూర్చొనలేదు. దానికి మేమే కారణమని చెప్పలేము, కాదనియు చెప్పలేము.

కొన్నేండ్లకు పనికిరాని వస్తువులు వేలమువేసినప్పుడు ఆ టేపురికార్డరు బయటికి వచ్చినది. పైనున్న ప్లాస్టిక్ సంచి చిరుగలేదు. నిబంధన ప్రకారము వస్తువునకు ఏ నష్టమును కలుగలేదు. జాబితాక్రింద సంతకము చేసినదియు మేమే. అప్పటికి మాస్టారు కాలధర్మము నొందియుండిరి.

ఈ కథ విని మా మనుమరాలు, "ఆ మాస్టారి పాఠం ఒక్కటైనా ఎక్కడైనా దొరుకుతుందా?" అని అడిగినది. హాజరు పట్టీలలో వారి సంతకములుండవచ్చును. గొంతు లేదు. వరండాలో నిలిచి విన్నవారి చెవులలో మాత్రము ఉన్నది. ఆ వినినవారును ఒక్కొక్కరుగా తరలిపోవుచున్నారు.

కావున సంఘమువారికి మా విన్నపమొక్కటే. ఈ ప్రాంతముల కళాశాలలలో తెలుగు చెప్పుచున్నవారు, చెప్పి విశ్రాంతి పొందినవారు ఇంకను ఉన్నారు. వారి సమ్మతి గైకొని, ఒక్కొక్కరిచేత నాలుగేసి పాఠములైనను చెప్పించి రికార్డు చేయుడు. వీలున్న యెడల ఎదుట నలుగురు పిల్లలను కూర్చుండబెట్టుడు. ముఖములు చూడనిదే మాస్టార్లకు పాఠము సాగదు. పేరు, ఊరు, తేదీ వ్రాసి రెండు ప్రతులు రెండుచోట్ల నుంచుడు. మునుపు బీరువాలో నున్న యంత్రము నేడు ప్రతివారి జేబులోను ఉన్నది. దానికి అర్జీ అక్కరలేదు, పద్దు అక్కరలేదు, గుమాస్తా సంతకము అంతకన్నను అక్కరలేదు.