రోలుగుంట వీధి లాంతర్లు

మా రోలుగుంటకు కరెంటు వచ్చిన తర్వాత కూడా కొన్ని వీధి మొగల్లో పాత లాంతరు స్తంభాలు చాలాకాలం ఉండిపోయాయి. నాలుగు పలకల అద్దాల పెట్టె, దాని మీద రేకు గొడుగు, లోపల కిరసనాయిలు దీపం. పొద్దుగూకే వేళకు పంచాయతీ నౌకరు తాత భుజాన నిచ్చెన, చేత నూనె డబ్బాతో వచ్చేవాడు. పిల్లలం వెంటపడేవాళ్లం. ముగ్గుపొడి అద్దిన గుడ్డతో చిమ్నీ తుడిచి, ఒత్తి కొస కత్తిరించి, వెలిగించాక కాసేపు మంటనే చూసేవాడు. ఒత్తి వంకరగా తెగితే మంటకు కొమ్ములు లేస్తాయి, ఆ కొమ్ములే చిమ్నీకి మసి పట్టిస్తాయి. కొమ్ము కనిపిస్తే దీపం ఆర్పి మళ్లీ కత్తిరించేవాడే తప్ప అలా వదిలేసి నిచ్చెన దిగేవాడు కాదు.

తీర్థం వచ్చిందంటే పెట్రోమాక్సులు దిగేవి. తప్పెటగుళ్లవాళ్ల గజ్జెలకన్నా ముందు నేను ఆ దీపాల దగ్గరకే పరిగెత్తేవాణ్ణి. గుడ్డ మాంటిల్‌ను కట్టి కాలిస్తే బూడిద గూడు మిగులుతుంది. పంపు కొట్టగా పైకెక్కి, వేడికి ఆవిరైన కిరసనాయిలు అందులో మండి, ఆ గూడు తెల్లగా వెలిగేది. వేలు తగిలిందా, రాలిపోయేది. ఆ తెలుపంతా థోరియం, పిసరంత సీరియం ఆక్సైడ్లది. ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1885లో మాంటిల్‌కు పేటెంట్ తీసుకుని, 1891 నాటికి ఈ పాళ్లు కుదిర్చాడు. థోరియం దొరికే మోనజైట్ భీమిలి తీరపు ఇసుకలోనూ ఉంది. మా ఊరి మీదుగా నర్సీపట్నం పోయే బస్సు రోడ్డుకు ఆ చివర భీమిలే! పెద్దయ్యాక ఈ సంగతి చదివి ఎంత పొంగిపోయానో.

స్తంభాలు ఒక్కొక్కటే పోయాయి. లాంతర్లు పాత ఇనుము కొట్లకు చేరాయి. అక్కడినుంచే నేను వాటిని, చేతి లాంతర్లను కూడా తెచ్చుకుని బాగుచేయడం మొదలుపెట్టాను. చేతి లాంతరుకు ప్రాణం పక్క గొట్టాల్లో ఉంది. మంటకు గాలి వాటిలోంచే అందుతుంది. గొట్టానికి చిల్లి పడితే మంట ఎగిరెగిరి పడుతుంది. చిల్లిని లప్పంతో పూడ్చి రంగు కొడితే చూడ్డానికి బాగుంటుంది, వేడికి ఊడొస్తుంది. టంకం మాటే వేయాలి. నూనె బుడ్డికి మాటు వేసే ముందు కిరసనాయిలు పూర్తిగా వంచి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే లోపలి ఆవిరి అంటుకుంటుంది. ఆ తర్వాత నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి, కారలేదని రూఢి చేసుకున్నాకే నూనె. లోపల కరెంటు బల్బు పెట్టి గోడకు తగిలించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. బాగుచేసిన లాంతరు వెలగాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి జిల్లా అంతా చీకటైంది. నా దగ్గరున్న లాంతర్లన్నీ వీధిలో తలా ఒకటి ఇచ్చాను. కరెంటు వచ్చాక వెనక్కి తీసుకోబోతే, పక్కింటి మామ్మ, “ఇది నా దగ్గరే ఉండనీ నాయనా, ఒత్తి మాత్రం నువ్వే కత్తిరించి పెట్టు” అంది. ఏటా వానాకాలానికి ముందు వెళ్లి కత్తిరించి వస్తున్నాను.