ఏ ఊరు మీది?

బాపట్ల దాటిన రైలు చీరాల వైపు సాగుతుంటే కిటికీలోంచి వరిచేలు, తాడిచెట్లు, ఇసుక నేలలు కనిపిస్తాయి. తూర్పున కాస్త దూరంలోనే సముద్రం. ఇంతలో ఓ చిన్న స్టేషను. ఎక్స్‌ప్రెస్‌లు కూత వేసుకుంటూ దాటిపోతాయి. ఆ కాస్తలోనే బోర్డు చదివినవాళ్లు పక్కవాళ్లను తట్టి చూపిస్తారు... 'స్టూవర్టుపురం!' కొందరి చెయ్యి తెలియకుండానే పెట్టె మీదకు పోతుంది.

ఆ ఊరివాళ్లకు ఈ సంగతి తెలియకేం? అందుకే చదువుకో, ఉద్యోగానికో బయటికెళ్లినవాళ్లను 'ఏ ఊరు మీది?' అనడిగితే 'బాపట్ల దగ్గర' అని ఊరుకునేవారు.

అసలు వీళ్లెవరు? పాత పేర్లే చెబుతాయి. వెదురు దబ్బలతో బుట్టలల్లేవాళ్లు దబ్బ ఎరుకల. ఊరూరా తిరిగి ఉప్పు అమ్మేవాళ్లు ఉప్పు ఎరుకల. ఆడవాళ్లు సోది చెప్పేవారు. పత్తొమ్మిదో శతాబ్దంలో రైళ్లొచ్చాయి. గాడిదలు మోసే ఉప్పును అవి మోసుకుపోయాయి. బేరం పోయి దారుల వెంట తిరిగేవాళ్లు దొరల కంటికి దొంగల్లా కనిపించారు. జాతులకు జాతుల్నే నేరస్థులుగా ముద్రవేసే చట్టం 1871లో వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఊరందరికీ ఎరుక చెప్పేవాళ్లకు, వాళ్లెవరో సర్కారు చెప్పింది!

అలా పట్టి తెచ్చినవాళ్ల కోసం 1910వ దశకంలో వెలసిందే ఈ ఊరు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పేరు మాత్రం మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్‌ది. అనుమతి లేనిదే పొలిమేర దాటకూడదు. పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి.

దొంగతనాలు జరగలేదని కాదు... జరిగాయి. కానీ చేసినవాడికీ చేయనివాడికీ ఒకటే పేరు. తరాల తరబడి అదే మాట చెవిన పడుతుంటే చివరికి విన్నవాడూ నమ్ముతాడు, 'మా పుట్టుకే ఇంత' అని. లాఠీదెబ్బ నాలుగు రోజులకు మానుతుంది. ఈ నమ్మకం మానదు.

ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. కాగితం మీది ముద్ర పోయింది. మనసు మీదిది? దాన్ని చెరిపే పనికి 1970వ దశకంలో పూనుకున్నవారిలో హేమలతా లవణం, లవణం దంపతులు ముఖ్యులు. ఆమె మహాకవి జాషువా కూతురు. పుట్టుకతో అంటగట్టిన పేరు ఎంత బరువో ఆ ఇంటికి ఒకరు చెప్పాలా? నేరం వదిలినవాళ్లకు బతుకుదెరువు కావాలని ప్రభుత్వాన్ని అడిగారు. అంతకన్నా ముఖ్యంగా, 'మీరు పుట్టుదొంగలు కారు' అని వాళ్లకే నచ్చజెప్పారు.

ఎవరి నమ్మకమైనా ఒక్కరోజులో పోదు. ముందు ఇంట్లో ఒకరు బడికెళ్లారు. తర్వాత ఒకరికి ఉద్యోగం వచ్చింది. ఆ ఇంటి పిల్లలు 'మా నాన్న ఫలానా' అని చెప్పుకోగలిగారు. ఇప్పుడు ఆ ఊళ్లో చదువుకున్నవాళ్లున్నారు, ఉద్యోగులున్నారు, సేద్యం చేసేవాళ్లున్నారు... ఏ ఊళ్లోనైనా ఉన్నట్టే.

సినిమాలకు మాత్రం పాత కథే ముద్దు. 1991లో ఆ ఊరి పేరుతోనే రెండు సినిమాలొచ్చాయి. 2023లో మరోసారి తెరకెక్కింది అక్కడి గజదొంగ కథే.

మీరెప్పుడైనా ఆ దారిన వెళ్తే బోర్డు చూడండి. పెట్టె మీద చెయ్యి మాత్రం తీసేయండి. తామెవరో ఆ ఊరివాళ్లు తెలుసుకున్నారు. తెలుసుకోవాల్సింది రైల్లో ఉన్నవాళ్లే!